గ్లిమెపిరైడ్ వాడితే ప్యాంక్రియాస్ అరిగిపోతుందా?

మీ నాన్నగారికి షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర రాశారు, అది ఇన్సులిన్‌ని పిండి పిండి బయటికి తీసే మందట, మానిపించాలా అని అడిగారు. మీరుగా మానిపించకండి. మాత్ర వేసుకున్నాక తిన్నారా లేదా అన్నది మాత్రం గట్టిగా పట్టించుకోండి.

మా అమ్మ ఆరేళ్లు ఇదే వాడింది. ఒక కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, షుగర్ మాత్ర మానకూడదు కదా అని పొద్దున్నే ఉత్త కాఫీతో వేసేసుకుంది. మధ్యాహ్నం రెండింటికి జాకెట్టంతా చెమటతో తడిసిపోయి, చేతులు వణుకుతూ, నన్ను పట్టుకుని మా మేనమామ పేరుతో పిలుస్తోంది. గ్లూకోమీటర్‌లో 48! నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి (స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆసుపత్రికే), పావుగంటకి మళ్లీ చూస్తే 81. అన్నం పెట్టాం, ఈ మందు రోజంతా పనిచేస్తుంది కాబట్టి రాత్రి కూడా లేచి చూశాం. తేరుకున్నాక ఆవిడ మొదటి మాట, "నా ఉపవాసం చెడగొట్టారు".

అసలు ఈ రకం మందులు దొరికిందే అలా. 1942లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో టైఫాయిడ్‌కని ఒక సల్ఫా మందు ఇస్తే రోగులకి షుగర్ పడిపోయింది. లుబాతియేర్ అనే పరిశోధకుడు కుక్కల మీద చూస్తే, ప్యాంక్రియాస్ పూర్తిగా తీసేసినవాటిలో ఆ మందు పనిచేయలేదు, అంటే అది ప్యాంక్రియాస్ ద్వారానే పనిచేస్తుందన్నమాట. ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకి పొటాషియం బయటికి పోయే దారులుంటాయి, గ్లూకోజ్ పెరిగితే అవి మూసుకుంటాయి, అప్పుడు కాల్షియం లోపలికొచ్చి ఇన్సులిన్ విడుదలవుతుంది. ఈ మాత్ర మీరు తిన్నారా లేదా చూడదు, వెళ్లి ఆ దారి మూసేస్తుంది, అంతే. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి వేరే రకం షుగర్ మందులు గ్లూకోజ్ పెరిగినప్పుడే ఇన్సులిన్‌కి తోడ్పడతాయి, అందుకే అవి ఒక్కటే వాడితే షుగర్ పడిపోవడం అరుదు.

ఇక అరిగిపోవడం సంగతి. టైప్ 2 షుగర్‌లో బీటా కణాలు ఏ మందు వాడినా మెల్లగా దెబ్బతింటూనే ఉంటాయి. షుగర్ మందుల్ని పోల్చి చూసి 2006లో వచ్చిన అడాప్ట్ అనే ట్రయల్‌లో ఐదేళ్లకి ఆ ఒక్క మందుతో షుగర్ అదుపులో లేకుండా పోయినవాళ్లు మెట్‌ఫార్మిన్‌తో 21 శాతమైతే, గ్లిమెపిరైడ్ జాతిదే అయిన గ్లైబురైడ్‌తో 34 శాతం. కాబట్టి మీ భయం ఉత్తదేం కాదు, కానీ చవగ్గా దొరికి షుగర్‌ని బాగా తగ్గించే మందుని దానికోసం రాత్రికి రాత్రే ఆపేయడం ఇంకా ప్రమాదం.

నాన్నగారు పెద్దవారైనా, కిడ్నీ సమస్య ఉన్నా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు చూపించి వేరే మందు కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. మా అమ్మకి అలాగే మార్చారు. పోయిన కార్తీకంలో మళ్లీ ఉపవాసం ఉంది, నేను మాత్రం పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను.