పాత ఇంజను ఏ కాలానిదో కనుక్కోవడం ఎలా?

కందుకూరు దగ్గర బావి గట్టున పడి ఉన్న ఇంజను ఏ ఏడాదిదని అడిగారు. ముందు నేమ్‌ప్లేట్ చూడండి. ఉప్పుకాగితంతో మాత్రం రుద్దొద్దు, అంకెల లోతు తక్కువ, అరిగిపోతాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సుద్ద పూసి, పక్కనుంచి టార్చి వేస్తే అంకెలు తేలతాయి.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ పెట్రోలు ఇంజనైతే తేలిక. కోడ్ నంబరు 790615తో మొదలైతే 1979 జూన్ 15న తయారైనట్టు. మోడల్, టైప్ నంబర్లలో తేదీ ఉండదు.

లిస్టర్ తరహా డీజిలు ఇంజనైతే జాగ్రత్త. పెద్ద ఫ్లైవీళ్లు, 650 ఆర్‌పీఎం చూసి ఇంగ్లండు సరుకనుకోకండి. రాజ్‌కోట్‌లో అదే నమూనా దశాబ్దాలపాటు తయారైంది. అసలు లిస్టర్ కంపెనీ ఊరు ఇంగ్లండులోని డర్స్‌లీ; ప్లేటు మీద ఆ పేరు వెతకండి.

నంబరు చెరిగిపోతే, ఇంజను అమ్మిన డీలరు బిగించిన రేకు మీది చిరునామాయే ఆధారం, మన వైపు ఇది బాగా పనికొస్తుంది. 'ఒంగోలు, గుంటూరు జిల్లా' అని ఉంటే ఆ రేకు 1970 ఫిబ్రవరికి ముందుది, అప్పటికింకా ప్రకాశం జిల్లా ఏర్పడలేదు. 'కందుకూరు, నెల్లూరు జిల్లా' అన్నా అంతే. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది గనుక రేకు పాతదేనా అని చూసుకోండి. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. మిగిలిపోయిన పాత రేకులను డీలర్లు తర్వాత కూడా వాడేస్తారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అనుకోండి. రివెట్ల బదులు కొత్త స్క్రూలుంటే, ఆ రేకు వేరే ఇంజనుది కావచ్చు.