ఇంటింటి ప్రచారానికి కుక్కను తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లి చూసినదాన్నిగా చెబుతున్నా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: స్థానిక ఎన్నికల్లో మీకు నచ్చిన అభ్యర్థి కోసం వారాంతాల్లో ఇంటింటికీ తిరుగుతున్నారు. ఒక్కరే వెళ్లి కొత్తవాళ్ల తలుపు తట్టాలంటే టెన్షన్‌గా ఉంది. కుక్కను నాలుగైదు గంటలు ఇంట్లో ఒంటరిగా వదలడానికి మనసొప్పడం లేదు. "మాది చాలా మంచిది, ఎవర్నీ ఏమీ అనదు, వెంట తీసుకెళ్తే తప్పేంటి?" అని అడిగారు.

తప్పేం లేదు. వీధి వరకు తీసుకెళ్లండి, గుమ్మం వరకు మాత్రం వద్దు. నాకు ఈ సంగతి తెలియడానికి మూడు వారాంతాలు, ఒక చిరిగిన చెవి, గాలికి ఎగిరిపోయిన ఒక కట్ట కరపత్రాలు ఖర్చయ్యాయి.

మా కుక్క పేరు చిన్ను. పేరుకే చిన్ను, బరువు 28 కిలోలు. నాటు కుక్కే, ఎవరు పలకరించినా వెల్లకిలా పడుకుని పొట్ట నిమరమంటాడు. వాడిని చూస్తే ఎవరైనా నవ్వుతారని నాకు గట్టి నమ్మకం. మొదటి రోజు సాయంత్రం ఆ నమ్మకం నిజమైనట్టే అనిపించింది కూడా. జనం బయటికొచ్చారు, పిల్లలు పరుగెత్తుకొచ్చారు, ఒకావిడ వాడికి గిన్నెలో నీళ్లు తెచ్చిపెట్టింది. అంతకు ముందు వారం నన్ను చూడగానే "ఇప్పుడు ఖాళీ లేదు" అన్న పెద్దాయన ఈసారి పది నిమిషాలు నిలబడి మాట్లాడాడు. ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

రాత్రి కాగితాలు ముందేసుకున్నాక అసలు సంగతి బయటపడింది. 40 ఇళ్లు అనుకుని బయల్దేరితే తిరిగింది 17. వాటిలో "మద్దతు", "వ్యతిరేకం", "ఇంకా తేల్చుకోలేదు" అనే గడుల్లో నేను టిక్కు పెట్టినవి ఆరు. మిగతా ఇళ్లలో ఏం మాట్లాడానా అని గుర్తు చేసుకుంటే, కుక్క వయసెంత, ఏం తింటుంది, స్నానం ఎవరు చేయిస్తారు, మా చిన్నప్పుడు కూడా ఒకటి ఉండేది... ఇవే. ఆ పెద్దాయన పది నిమిషాలూ చెప్పింది ఎప్పుడో చనిపోయిన తన కుక్క గురించే. పాపం, చెప్తూ చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు. అలాంటి మనిషి దగ్గర సంచిలోంచి కరపత్రం తీయడానికి చెయ్యి రాలేదు.

మరుసటి వారం అదే వీధిలో ఒకాయన నన్ను ఆపి, "మొన్న కుక్కతో వచ్చింది మీరే కదా? చిన్ను బాగున్నాడా? ఇంతకీ మీ అభ్యర్థి పేరేంటన్నారు?" అని అడిగాడు. చెప్పాను. మళ్లీ మర్చిపోయి ఉంటాడని నా అనుమానం.

ఇంటింటికీ తిరగడంలో బలమంతా మాటలోనే ఉంది. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 30 వేల మంది ఓటర్లతో ఒక ప్రయోగం చేశారు. కొందరి ఇళ్లకు మనుషుల్ని పంపారు, కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరికి ఫోన్లు చేయించారు. ఎదురుగా నిలబడి మాట్లాడినచోట పోలింగ్ బాగా పెరిగింది. ఉత్తరాలతో కాస్తే పెరిగింది, ఫోన్లతో పెరగలేదు. అంటే మనం ఎండనపడి గుమ్మం దాకా నడిచేది ఆ రెండు మూడు నిమిషాల ముఖాముఖి కోసం. ఆ రెండు నిమిషాలనూ కుక్క ఎగరేసుకుపోతే ఇక మనం నడిచి లాభమేంటి?

"రాజకీయాల్లో కుక్కలు ఓట్లు తెచ్చిన కథలున్నాయి కదా" అని మా ప్రచార బృందంలో ఒకతను వాదించాడు. ఉన్నాయి, కాదనను. 1928లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన హెర్బర్ట్ హూవర్ తన కుక్కతో దిగిన ఫొటోను వేల కాపీలు పంచిపెట్టారు. 1944లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన కుక్క ఫాలా మీద వచ్చిన ఆరోపణలను ఒక ప్రసంగంలో సరదాగా తిప్పికొట్టాడు. సరిగ్గా ఎనిమిదేళ్ల తర్వాత అదే తేదీన, 1952 సెప్టెంబర్ 23న, విరాళాల మీద ఆరోపణలు ఎదుర్కొంటున్న ఉపాధ్యక్ష అభ్యర్థి నిక్సన్ టీవీలో మాట్లాడుతూ పిల్లలకు బహుమతిగా వచ్చిన చెకర్స్ అనే కుక్కను మాత్రం తిరిగి ఇచ్చేది లేదని చెప్పి జనం సానుభూతి కొట్టేశాడు. కానీ ఆ కుక్కలు ఎక్కడున్నాయో చూడండి. ఒకటి ఫొటోలో, ఒకటి ప్రసంగంలో, ఒకటి టీవీలో చెప్పిన కబురులో. ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు.

ఇక భయం సంగతి. దీన్ని కుక్కలు పెంచేవాళ్లం అసలు పట్టించుకోం. "అబ్బే, అది ఏమీ అనదండీ" అని ప్రతి యజమానీ అంటాడు, నేనూ అన్నాను. తలుపుకు అవతల ఉన్న మనిషికి ఆ మాట వినిపించదు, 28 కిలోల కుక్క కనిపిస్తుంది. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లు ఉంటారు, చంటిపిల్లనెత్తుకుని ఉన్న తల్లులు ఉంటారు, కుక్క దగ్గరికొస్తే తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లు ఉంటారు, ఇష్టం లేనివాళ్లూ ఉంటారు. వాళ్లలో ఎవరూ మనతో గొడవ పెట్టుకోరు. కిటికీలోంచి చూసి ఊరుకుంటారు, అంతే. మనం రెండుసార్లు బెల్లు కొట్టి "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసుకుని వెళ్లిపోతాం. అందుకే కుక్క వల్ల ఎంత నష్టం జరిగిందో మన కాగితాల్లో ఎప్పటికీ కనిపించదు.

నాకు కనిపించింది మా బృందంలో ఒకామె పుణ్యాన. నేను "తలుపు తీయలేదు" అని రాసిన పదకొండు ఇళ్లకు ఆమె మర్నాడు ఒక్కతే వెళ్లింది. ఆరు ఇళ్లలో తలుపు తీశారు. ఆ ఆరింటిలో రెండు చోట్ల "నిన్న కుక్కతో ఎవరో వచ్చారు, అందుకే తీయలేదు" అన్నారట. నన్ను నొప్పించకూడదని ఆమె ఈ ముక్క చాలా నెమ్మదిగా చెప్పింది. అయినా నేను నొచ్చుకున్నాను.

అయినా బుద్ధి రాలేదు. తర్వాతి వారం మళ్లీ తీసుకెళ్లాను, ఈసారి మెడకు ప్రచారం రంగు కండువా కట్టి మరీ. సగం కండువా వాడు నమిలేశాడు. "మూగజీవానికి ఎందుకమ్మా మీ రాజకీయాలు?" అని ఒక పెద్దావిడ మొహం మీదే అడిగింది, నాకు జవాబు దొరకలేదు. ఇంకో ఇంట్లో, వాళ్లు ముందే మాకు ఓటేస్తామన్నవాళ్లు, అరుగు మీద పూలకుండీకి చిన్ను కాలెత్తాడు. ఆ ఓటు ఉందో పోయిందో ఇప్పటికీ అడగలేదు.

మూడో వారాంతం జరిగిందే అసలు గొడవ. ఒక ఇంటి తలుపు తీసిన మనిషి కాళ్ల మధ్య నుంచి వాళ్ల కుక్క బాణంలా దూసుకొచ్చింది. అంతకు ముందు లోపల అరుపులేమీ వినిపించలేదు. చిన్ను వెనక్కి తగ్గబోయాడు, నేను తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాను, మెట్టు మీద ఉన్నాను. ముగ్గురం కింద పడ్డాం, అంటే నేను, చిన్ను, కరపత్రాల అట్ట. చిన్ను చెవి అంచు చిరిగింది. నా వేళ్లు వారం రోజులు వాచాయి. ఆ ఇంటాయన మంచివాడు కాబట్టి సరిపోయింది. అదే వాళ్ల కుక్కకో, ఇంట్లో పిల్లలకో దెబ్బ తగిలి ఉంటే? "ఫలానా అభ్యర్థి మనుషుల కుక్క కరిచింది" అని సాయంత్రానికల్లా ఊరంతా పాకేది. ఎవరి కుక్క ముందు మీద పడిందని ఎవరూ విచారించరు.

ఇందులో తప్పు ఆ కుక్కది కాదు. దాని వైపు నుంచి ఆలోచించండి. రోజూ ఎవరో కొత్తవాళ్లు గుమ్మం ముందుకొస్తారు, అది అరుస్తుంది, వాళ్లు కాసేపటికి వెళ్లిపోతారు. తన అరుపుకే వెళ్లిపోయారని దాని లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. అలాంటి చోటికి మనిషితో పాటు ఇంకో కుక్క కూడా వస్తే ఊరుకుంటుందా? మన కుక్కకు అది తెలియని ఇల్లు, పైగా మెడలో తాడు, పారిపోయే దారి లేదు. పార్కులో చక్కగా కలిసి ఆడే రెండు కుక్కలే గుమ్మం దగ్గర కొట్టుకుంటాయి.

మన కుక్క అలసట కూడా మనకు సరిగ్గా కనిపించదు. మనకు 40 తలుపులు అంటే 40 తలుపులే. దానికి 40 ఇళ్ల వాసనలు, 40 బెల్లులు, తల మీద చెయ్యి వేసే కొత్త మనుషులు. చిన్ను మాటిమాటికీ ఆవలిస్తుంటే నిద్రొస్తుందేమో అనుకునేదాన్ని. కుక్క ఊరికే ఆవలించినా, ఏమీ తినకుండానే పెదాలు నాక్కున్నా, మొహం పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూసినా, తోక కాళ్ల మధ్యకు ముడుచుకున్నా అది ఇబ్బంది పడుతోందని అర్థం. తోక ఊపినంత మాత్రాన సంతోషంగా ఉన్నట్టు కాదు, కంగారులో కూడా ఊపుతుంది. ఈ గుర్తులు కనిపించాక కూడా ఇంకో నాలుగిళ్లు పూర్తి చేద్దామనుకుంటే, ఎప్పుడూ ఏమీ అనని కుక్కే ఆ రోజు ఏదో ఒకటి అంటుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద మాత్రం కాస్త పడుతుంది. ఒంట్లో వేడి తగ్గించుకోవడం ప్రధానంగా నాలుక బయటపెట్టి వగర్చడంతోనే. బయల్దేరే ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే దాని పాదాలు కూడా కాలతాయి. మనకు చెప్పులున్నాయి, దానికి లేవు.

ఇప్పుడు మీ అసలు ఇబ్బందికి వస్తాను. ఒంటరిగా వెళ్లడానికి టెన్షన్ అన్నారు. దానికి మందు కుక్క కాదు, ఇంకో మనిషి. మీ ప్రచార బృందంలో ఎవరినైనా జత ఇమ్మని అడగండి, ఇద్దరు చొప్పున తిరగడం ఎక్కడైనా మామూలే. జత దొరికితే కుక్కను కూడా తీసుకెళ్లే దారి ఒకటి ఉంది, ఇప్పుడు నేను చేస్తున్నది అదే. ఒకరు కుక్కతో గేటు బయట, రోడ్డు అవతలి అంచున నిలబడాలి. రెండోవాళ్లు గుమ్మం దగ్గరికి వెళ్లాలి. ఇంటివాళ్లకు కుక్క దూరంగా కనిపిస్తుంది, పట్టుకున్న మనిషీ కనిపిస్తాడు. ఇష్టమైనవాళ్లు మాట పూర్తయ్యాక తామే గేటు దాకా వచ్చి పలకరిస్తారు, అప్పటికి మీ టిక్కు మీరు పెట్టేసుకుని ఉంటారు. ఇష్టం లేనివాళ్లు లోపలికి వెళ్లిపోతారు. మీకు పరవాలేదా అని అడగనవసరం కూడా లేదు. అడిగితే మొహమాటానికి "పరవాలేదు" అనేవాళ్లే ఎక్కువ.

తాడు నాలుగు నుంచి ఆరు అడుగుల మామూలుది చాలు. బటన్ నొక్కితే సాగిపోయే రకం వద్దు, చెయ్యి జారితే క్షణంలో రోడ్డు మధ్యలో ఉంటుంది. చేతికి చుట్టుకోకండి, నా వేళ్లను చూసి నేర్చుకోండి. నీళ్లు, మలం ఎత్తడానికి సంచులు, రేబిస్ టీకా కార్డు ఫొటో ఫోన్‌లో. ఒకవేళ ఏ కుక్కైనా మిమ్మల్ని కరిచినా, రక్కినా, చిన్న గీతే కదా అనుకోకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి, మీ అభ్యర్థి కార్యాలయంలో ముందే అడగండి. ఎన్నికల ప్రచారంలో జంతువులను వాడటం మీద ఆంక్షలున్న ప్రాంతాలున్నాయి. పార్టీ కండువా కట్టిన కుక్క ఫొటో ఎదుటివాళ్ల చేతికి చిక్కితే ఆ సంజాయిషీ మీరు కాదు, అభ్యర్థి ఇచ్చుకోవాలి.

జత దొరక్కపోతే కుక్కను ఇంట్లోనే ఉంచండి. బయల్దేరే ముందు అరగంట బాగా నడిపించి, తిండి పెట్టి వెళ్తే ఎదిగిన కుక్క నాలుగు గంటలూ చాలావరకు పడుకునే ఉంటుంది. నేను తలుపు వేసిన ఐదో నిమిషానికి చిన్ను సోఫా ఎక్కి పడుకుంటాడని మా ఇంట్లోవాళ్లు చెప్పేదాకా, వాడు నా కోసం ఏడుస్తుంటాడనే అనుకునేదాన్ని. అదీ కుదరకపోతే ఇళ్లకు కాకుండా పార్కు దగ్గర బల్ల వేసుకుని కరపత్రాలు పంచే పని అడిగి తీసుకోండి. అక్కడ కుక్కను ఇష్టపడేవాళ్లే దగ్గరికొస్తారు, మిగతావాళ్లు పక్కనుంచి పోతారు.

జతగా వెళ్తే మాత్రం పది ఇళ్లకోసారి పనులు మార్చుకోండి. మా జతలో మొదట్లో నేనే ఎప్పుడూ గుమ్మం వైపు వెళ్లేదాన్ని. గేటు దగ్గర చిన్నుతో నిలబడ్డ ఆమె చుట్టూ జనం, కబుర్లు, నవ్వులు. నా చేతిలో అట్ట, ఎదురుగా మూసిన తలుపు. మూడో వీధికే తాడు ఇలా ఇమ్మని అడిగేశాను.