రోడ్డు రిపేరు, లారీ కిరాయి

ప్రశ్న: నాకు రెండు లారీలున్నాయి, హైదరాబాద్–విజయవాడ మధ్యే ఎక్కువ తిరుగుతాయి. హైవే రిపేరంటే చాలు ఒకవైపు మూసేసి నెలల తరబడి డైవర్షన్‌లో నడిపిస్తారు. త్వరగా చేయడం నిజంగా కుదరదా? చేస్తే మాకేం మిగులుతుంది? – ఒక లారీ ఓనరు, సూర్యాపేట

జవాబు: కుదురుతుందండీ. 2022 జూన్‌లో మహారాష్ట్రలో అమరావతి–అకోలా మధ్య 53వ నంబరు హైవే మీద 75 కిలోమీటర్ల పొడవున ఒక లేన్ తారు పొరను 105 గంటల 33 నిమిషాల్లో వేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. అది రికార్డు కోసం ముందే అన్నీ సిద్ధం చేసుకుని చేసిన పని, రోజూ అలా జరగాలంటే అత్యాశే. కానీ మిల్లింగ్ మిషన్‌తో పాత పొర గీకేసి, వెంటనే పేవర్‌తో కొత్తది పరిచి, రోలర్ తిప్పి, చల్లారగానే బండ్లు వదిలేయడం మామూలు కాంట్రాక్టరుకూ చేతనయ్యే పనే. సిమెంటు రోడ్డులా రోజుల తరబడి క్యూరింగ్ చేయక్కర్లేదు. చాలాచోట్ల ఆలస్యం పనిలో కాదు, గీకేసిన రోడ్డును అలాగే వదిలేసి తారు మిక్స్ కోసం ఎదురుచూడటంలో ఉంటుంది.

మీకు మిగిలేది స్పీడు ఒక్కటే అనుకోకండి. గుంత కనపడ్డప్పుడల్లా బ్రేకు వేసి, గేరు దించి, లోడు బండిని మళ్లీ లాగాలంటే డీజిల్ ఎంత తాగుతుందో మీకు చెప్పక్కర్లేదు. పైగా టైర్లు, కమాన్ పట్టీలు (బండి కింద బరువు మోసే స్ప్రింగులు) పాడవుతాయి. బండి డైవర్షన్‌లో ఇరుక్కుని అన్‌లోడింగ్ టైము దాటిందా, ఆ రాత్రంతా గోడౌన్ ముందే, రిటర్న్ లోడు ఇంకొకరికి. ఈఎంఐ మాత్రం ఆగదు కదా!

ప్రశ్న: వానల్లో వేసిన ప్యాచ్ వారం తిరక్కుండానే ఎందుకు లేచిపోతుంది? – ఒక డ్రైవరు, నందిగామ

జవాబు: తడి గుంతలో వేస్తే తారు పట్టదు, అంతే. గుంత అంచులు నిలువుగా కోసి, దుమ్ము, నీళ్లు తీసేసి, లోపల పల్చగా తారు కొట్టి, ఆ తర్వాత వేడి మిక్స్ నింపి రోలర్ తిప్పాలి. పారతో నాలుగు తట్టలు పోసి పైన లారీ టైరే తొక్కుతుందిలే అని వెళ్లిపోతే అది రిపేరు కాదు. పక్కన కాలువ పూడిపోయి నీళ్లు రోడ్డు కిందికి దిగుతుంటే ఎంత మంచి ప్యాచ్ అయినా నిలవదు. మీ దగ్గర ఐతవరంలో 2023 జులైలో మున్నేరు నీళ్లు హైవే మీదికే వచ్చి బండ్లు ఆగిపోవడం చూసే ఉంటారు, అలాంటి చోట పైన తారు వేస్తే సరిపోదు, నీటికి దారి ఇవ్వాలి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లు. ఈ లెక్క 1950ల చివర్లో అమెరికాలో లారీలు తిప్పి తేల్చింది. ఓవర్‌లోడు కిరాయి బాగానే ఉంటుంది, ఆ గుంతలో పడేది కూడా మన బండే. జాతీయ రహదారి మీద గుంత కనపడితే 1033కి ఫోన్ చేయండి, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరు చెప్తే వాళ్లకు వెతుక్కునే పని తప్పుతుంది.