ఇంజినీర్లను క్లాసుకు పిలిస్తే ఏం పని చెప్పాలి?

ఇంజినీరింగ్ డిగ్రీ చదువులో ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్లను ఎలా కలుపుకోవాలన్న దానిపై పాఠకుల ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: సెమిస్టర్‌కు నాలుగైదుసార్లు పరిశ్రమల వాళ్లను పిలిచి గెస్ట్ లెక్చర్లు పెడుతున్నాం. వాళ్లు బాగానే మాట్లాడతారు. విద్యార్థుల ప్రాజెక్టుల్లో మాత్రం ఏ మార్పూ కనబడదు. ఎక్కడ లోపం?
– ఎలక్ట్రానిక్స్ అధ్యాపకురాలు

జవాబు: వాళ్లను మాట్లాడమనకండి. విద్యార్థుల పని చూసి ప్రశ్నలు అడగమనండి. ఏది ఎక్కడ చెడుతుందో ముందే పసిగట్టడం ఉద్యోగంలో అబ్బే నేర్పు. ఎదురుగా ఒక డ్రాయింగో సర్క్యూటో ఉంటేనే అది బయటికొస్తుంది, ఉపన్యాసంలో రాదు.

ఒక ఉదాహరణ చూడండి. 12 వోల్టుల సరఫరా నుంచి 5 వోల్టులు తీయడానికి ఒక జట్టు 7805 రెగ్యులేటర్ (వోల్టేజీని 5 వోల్టుల దగ్గర నిలిపే చిప్) పెట్టింది. అది 1 ఆంపియర్ ఇస్తుందని డేటాషీట్లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉంది, తమ లోడు 0.6 ఆంపియరే, కాబట్టి సరిపోతుందనుకున్నారు. అనుభవం ఉన్నవారు అడిగే మొదటి ప్రశ్న: ‘మిగతా 7 వోల్టులు ఏమవుతున్నాయి?’ 7ను 0.6తో గుణిస్తే 4.2 వాట్లు. అదంతా వేడే. వేడిని బయటికి లాగే లోహపు ముక్క (హీట్‌సింక్) లేకపోతే, ఈ చిప్ వచ్చే టీఓ-220 అనే తొడుగులో ఒక్కో వాటుకు చిప్ సుమారు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. లెక్క ప్రకారం 270 డిగ్రీలు దాటాలి. అంతదాకా రాకముందే రెగ్యులేటర్ తనంతట తాను ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. బోర్డు కాసేపు పనిచేసి కాసేపు మానేస్తుంటే, విద్యార్థులు తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకుని రోజుల తరబడి అక్కడే వెతుకుతారు.

ఆ ప్రశ్న బోర్డు తయారీకి పోకముందే పడాలి. చాలా కాలేజీలు ఇంజినీర్లను ఆఖరి ప్రదర్శన రోజున పిలుస్తాయి. అప్పుడు ఎంత మంచి సలహా ఇచ్చినా దిద్దుకునే వ్యవధి ఉండదు. 16 వారాల సెమిస్టర్ అయితే మూడు సమీక్షలు పెట్టండి: 4వ వారంలో అవసరాల మీద, 8వ వారంలో డిజైన్ మీద (విడిభాగాలు ఆర్డర్ చేసేది దీని తర్వాతే), 13వ వారంలో పరీక్షల ఫలితాల మీద. మూడింటిలో ఒక్కటే కుదిరితే 8వ వారానిది ఉంచుకోండి.

సమీక్షకు మూడు రోజుల ముందు ప్రతి జట్టూ రెండు పేజీలు పంపాలి. సమస్య ఏమిటి, అంకెల్లో రాసిన అవసరాలు, ఒక బ్లాక్ డయాగ్రమ్, తమకు తేలని సందేహం ఒకటి. ఆ చివరిది రాయించడమే కష్టం, ఇంజినీరుకు ఎక్కువగా అక్కరకొచ్చేదీ అదే. జట్టుకు 25 నిమిషాలు ఇవ్వండి. 7 నిమిషాలు వివరణ, 13 నిమిషాలు ప్రశ్నలు, మిగిలిన 5 నిమిషాల్లో విద్యార్థులే చేయాల్సిన పనుల పట్టిక రాసుకోవాలి: ఏ పని, ఎవరు, ఏ తేదీకి. తర్వాతి సమీక్ష ఆ పట్టికతోనే మొదలవ్వాలి. ఇది లేకపోతే చెప్పినవన్నీ గాలికి పోతాయి.

జట్టుకు ఇద్దరు సమీక్షకులుంటే మంచిది, ఆఫీసు పనిపడి ఒకరు రాకపోవడం మామూలే. తేదీలు సెమిస్టర్ మొదలయ్యే ముందే ఖరారు చేయండి. మార్కులు మాత్రం అధ్యాపకులే వేయాలి. ఇంజినీర్లు ఒక్కొక్కరు ఒక్కో కొలతతో చూస్తారు. ఒకరు తమ ఉద్యోగంలోని ప్రమాణంతో పోలిస్తే, ఇంకొకరు పిల్లలే కదా అని వదిలేస్తారు. వాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుంటే చాలు.

ప్రశ్న: నేను యంత్రాల డిజైన్‌లో పనిచేస్తున్నాను. నెలకు రెండు గంటలకు మించి ఇవ్వలేను. పాఠం చెప్పిన అనుభవమూ లేదు. నావల్ల ఉపయోగం ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. ఒక గంట అవసరాల జాబితా మీద పెట్టండి. ‘తేలికగా ఉండాలి, గట్టిగా ఉండాలి’ అని రాసి ఉంటుంది. ఎన్ని కిలోలు దాటకూడదు, ఎంత బరువు మోయాలి, ఎన్నిసార్లు, దాన్ని ఎలా కొలుస్తారు అని అడగండి. ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష చెప్పగలిగేదాకా వదలొద్దు.

రెండో గంటకు విరిగిన భాగం ఒకటి తీసుకెళ్లండి. లోహపు అలసటతో, అంటే పదేపదే పడిన భారంతో విరిగిన షాఫ్ట్ దొరికితే అంతకు మించింది లేదు. విరిగిన ముఖం మీది వంపు గీతలు పగులు ఎక్కడ మొదలైందో చూపిస్తాయి. తరచూ అది కీవే (షాఫ్ట్‌లో కీ కూర్చోవడానికి చెక్కిన గాడి) మూలలోనో, వ్యాసం ఒక్కసారిగా తగ్గిన మెట్టు దగ్గరో ఉంటుంది. ఒత్తిడి కేంద్రీకరణ (ఒత్తిడి ఒకేచోట పోగుపడటం) అనే పాఠం అప్పుడు చేతికి తగులుతుంది.

ఒక్క జాగ్రత్త. జవాబు తెలుసు కదా అని పెన్ను మీరు తీసుకోకండి. మీరు గీసిచ్చిన డిజైన్‌ను విద్యార్థులు సమర్థించుకోలేరు, ఎవరైనా ఎందుకిలా అని అడిగితే మీ పేరు చెబుతారు. ప్రశ్న అడిగి ఆగండి, ఆ మౌనం ఇబ్బందిగా ఉన్నా సరే.

ప్రశ్న: ఒక కంపెనీ అసలైన సమస్యనే ప్రాజెక్టుగా ఇస్తామంటోంది. ఒప్పుకోవచ్చా?
– విభాగాధిపతి

జవాబు: ఒప్పుకోండి. అమెరికాలోని హార్వీ మడ్ కాలేజీ 1963 నుంచి ‘క్లినిక్’ పేరుతో ఇదే పద్ధతి నడుపుతోంది. సమస్య, ఖర్చు సంస్థవి. పని విద్యార్థి జట్టుది, మార్గదర్శకత్వం అధ్యాపకుడిది. సంస్థ తరఫున ఒక ఇంజినీరు జట్టుతో సంప్రదింపుల్లో ఉంటారు. ఆ ఒక్కరు ఎవరో పేరుతో సహా తేలకుండా మీరు పని మొదలుపెట్టొద్దు.

ఎంచుకునే సమస్య సంస్థకు కావలసినదై ఉండాలి, కానీ గడువు మీద పడ్డ పని కాకూడదు. గడువుంటే వాళ్ల ఇంజినీర్లే మధ్యలో లాక్కుని పూర్తి చేస్తారు, జట్టుకు చేతిలో ఏమీ మిగలదు. గోప్యత ఒప్పందం జట్లు ఏర్పడకముందే చదవండి. నివేదికను పరీక్షకులకు చూపించవచ్చా, విద్యార్థి ఉద్యోగ ఇంటర్వ్యూలో దాని గురించి మాట్లాడవచ్చా, ఫలితం మీద హక్కు ఎవరిది అన్న మూడూ అందులో రాసి ఉండాలి. అసలు డేటా ఇవ్వలేమంటే పేర్లు తీసేసి, అంకెల్ని ఒకే గుణకంతో మార్చి ఇవ్వమనండి. చాలా విశ్లేషణలకు అది సరిపోతుంది.

ప్రశ్న: మాకు కేటాయించిన ఇంజినీరు గారు మెయిళ్లకు జవాబివ్వడం లేదు. ఎలా అడగాలి?
– మూడో సంవత్సరం విద్యార్థి

జవాబు: ‘సర్, మా ప్రాజెక్టు పనిచేయడం లేదు, సాయం చేయండి’ అంటే జవాబు రాయడానికి ఆయనకు అరగంట పడుతుంది, అందుకే వాయిదా పడుతుంది. రెండు నిమిషాల్లో జవాబిచ్చేలా రాయండి. ఏం ఆశించారు, ఏం కొలిచారు, ఇప్పటికి ఏమేం ప్రయత్నించారు, మీ ముందున్న రెండు దారులు ఏవి, వాటిలో మీరు దేనివైపు మొగ్గుతున్నారు, ఎప్పటిలోగా తేల్చుకోవాలి. సర్క్యూట్ బొమ్మను వేరే లింకుగా కాకుండా మెయిల్లోనే కనబడేలా పెట్టండి. ఒక మెయిల్‌కు ఒకటే ప్రశ్న. నాలుగు పనిదినాలు చూసి, అదే మెయిల్ కింద ఒక వాక్యంతో గుర్తు చేయండి. అప్పటికీ పలకకపోతే మీ అధ్యాపకులకు చెప్పి రెండో సమీక్షకుణ్ని అడగండి. ఎవరు ఏ సలహా ఇచ్చినా, దాన్ని వాడి చూశాక వచ్చిన కొలతను తిరిగి రాయడం మరవకండి, తర్వాతి ప్రశ్నకు జవాబు త్వరగా వస్తుంది.