ఐప్యాడ్ కంటే ముందు మీ స్టూడియో లైట్లు

ప్రశ్న: మాది నరసరావుపేట. ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రెండేళ్లుగా ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో బొమ్మలు వేస్తోంది. ఇంజినీరింగ్ వద్దు, డిజిటల్ ఆర్ట్ చదువుతానంటోంది. దానికి 80 వేల ఐప్యాడ్ కావాలట. ఇంట్లో పెద్దవాళ్లు బీటెక్ తప్ప ఇంకేమీ వద్దంటున్నారు. ఏఐ వచ్చి నా దగ్గర ఆల్బమ్ డిజైన్ చేసే కుర్రాళ్లకే పని తగ్గింది, ఇప్పుడు పిల్లను ఈ లైన్‌లోకి పంపొచ్చా? ఏ కోర్సులున్నాయి? తను వేసిన ఆరు బొమ్మలు పంపుతున్నాను. (ఒక తండ్రి)

జవాబు: ముందు ఆ బొమ్మల గురించి మాట్లాడతాను. మీరు రాసినదానికంటే అవే నాకు ఎక్కువ విషయం చెప్పాయి.

మీ అమ్మాయి గీతలో తడబాటు లేదు. కళ్లు, జుట్టు వేయడంలో చేయి బాగా తిరిగింది. అయితే ఆరింటిలో ఐదు ముఖాలు ఎడమవైపుకే తిరిగి ఉన్నాయి. చేతులు చూద్దామంటే వీపు వెనకో, దుపట్టా చాటునో దాక్కున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, వెలుగు ఎటునుంచి పడుతోందో ఒక్క బొమ్మలోనూ తెలియడం లేదు. ముక్కు నీడ కుడికి పడితే గడ్డం నీడ ఎడమకి పడింది. నీడ అనుకున్న చోటల్లా ఎయిర్‌బ్రష్‌తో నలుపు పులిమేసింది. ఫోన్‌లో సొంతంగా నేర్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది బొమ్మలు ఇలాగే ఉంటాయి కాబట్టి బెంగపడకండి. కానీ వీటిలో ఒక్క లోపమూ ఐప్యాడ్ కొంటే పోయేది కాదు.

ఈ లోపాలను దిద్దగల మనిషి ఇంట్లోనే ఉన్నాడు, అది మీరే. సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తెల్ల గుడ్డ ఉండే పెట్టె) దగ్గరికి జరిపితే నీడ అంచు ఎందుకు మెత్తబడుతుందో, అంబ్రెల్లా తీసేసి ఫ్లాష్ నేరుగా కొడితే ఎందుకు కత్తితో కోసినట్టు పడుతుందో మీకు పుస్తకం చూడకుండానే తెలుసు. పెళ్లికూతురి ముక్కుపుడక మీద మెరుపు రావాలంటే లైటు ఎంత ఎత్తులో పెట్టాలో మీ చేతికి తెలుసు. డిజిటల్ పెయింటింగ్‌లో పిల్లలు ఏళ్ల తరబడి తడుముకునేది సరిగ్గా ఇక్కడే. మీరేమో దాన్ని మీ వ్యాపారం అనుకుంటున్నారు గానీ మీ అమ్మాయికి పాఠం అనుకోవడం లేదు.

ఆదివారం సాయంత్రం స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు ఒక పని చేయండి. లేత రంగు గుడ్డ మీద ఒక కోడిగుడ్డు, ఒక స్టీలు గ్లాసు పెట్టండి. ఒకే లైటు, పక్కనుంచి 45 డిగ్రీల కోణంలో. మీ అమ్మాయి దాన్ని 20 నిమిషాల్లో పెన్సిల్‌తో వేయాలి. తర్వాత లైటు వెనక్కి జరిపి మళ్లీ, సాఫ్ట్‌బాక్స్ తీసేసి మళ్లీ. ప్రతిసారీ మీరు అదే కోణంలో ఒక ఫొటో తీసి పెట్టండి. బొమ్మ పూర్తయ్యాకే ఫొటో చూపించాలి, ముందు చూపిస్తే దాన్ని కాపీ చేస్తుంది. గుడ్డు మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది, గుడ్డు కింద గుడ్డ మీద పడ్డ నీడకు మాత్రం మొదట్లో పదునైన అంచు ఉండి, దూరం వెళ్లేకొద్దీ చెదురుతుంది. ఈ రెండు నీడల తేడా కంటికి పట్టిందంటే ఎయిర్‌బ్రష్ పులమడం దానంతట అదే తగ్గుతుంది. నెల తర్వాత గుడ్డు స్థానంలో మీరు కూర్చోండి. ముఖానికి పక్కగా, పైనుంచి లైటు పడితే అవతలి చెంప మీద చిన్న త్రికోణంలా వెలుగు మిగులుతుంది కదా, దాన్ని ఆమె మీ ముఖం మీద చూసి వేయాలి. ఆ తర్వాత చేతులు. మీవైనా, వాళ్లమ్మవైనా సరే, రోజుకు రెండు.

పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవారని మీకు తెలిసే ఉంటుంది. ఇవాళ ఫొటోషాప్‌లో డాడ్జ్ (వెలుగు పెంచడం), బర్న్ (ముదురు చేయడం) పేరుతో చేసేది కూడా ముఖంలో వెలుగునీడలను దిద్దడమే. మీ దగ్గరున్న పెళ్లి ఫొటోల్లో ఒకదాన్ని రీటచ్ చేయమని ఆమెకివ్వండి. చర్మాన్ని ప్లాస్టిక్‌లా నున్నగా చేయకుండా, రంధ్రాలు కనిపిస్తూనే మచ్చలు తగ్గించగలిగితే ఆమెకు కన్ను వచ్చినట్టే. ఒరిజినల్ లేయర్‌ను (ఒకదానిమీద ఒకటి పరిచే పొరల్లో అసలు ఫొటో ఉన్నదాన్ని) ముట్టుకోకుండా మాస్కులు, అడ్జస్ట్‌మెంట్ లేయర్లతోనే (రంగు, వెలుగు మార్పులను విడిగా ఉంచే పొరలతోనే) చేయాలన్నది షరతు. ఎరేజర్‌తో చెరిపేసింది మళ్లీ కావాలంటే రాదు, మాస్క్‌తో దాచింది ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. కస్టమర్ మూడోసారి మార్పు చెప్పినప్పుడు దీని విలువ తెలుస్తుంది. రా ఫైల్ (కెమెరా సెన్సర్ ఇచ్చే అసలు ఫైలు) మీదే నేర్పండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. నీడల్లోంచి వివరం బయటికి లాగి చూస్తే తేడా ఆమెకే కనిపిస్తుంది.

ఇక పరికరాలు. స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్, హ్యుయాన్ గానీ ఎక్స్‌పీ పెన్ గానీ, నాలుగైదు వేల రూపాయల్లో దొరుకుతుంది. మీ స్టూడియో కంప్యూటర్‌కి తగిలించుకోవచ్చు. మొదట్లో చేయి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండి చిరాకేస్తుంది, కొన్ని వారాల్లో అలవాటవుతుంది. సాఫ్ట్‌వేర్‌కి క్రిటా పెట్టండి. పూర్తిగా ఉచితం, బొమ్మలు వేయడానికే తయారుచేసింది. (మన ఊళ్ల స్టూడియోల్లో ఏ ఫొటోషాప్ నడుస్తుందో నాకు తెలుసు, ఆ విషయంలోకి వెళ్లను.) త్రీడీ మీద మనసైతే బ్లెండర్, అదీ ఉచితమే. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ మంచి యాప్, కాదనను. కానీ ఏడాదిపాటు పెన్ టాబ్లెట్ మీద రోజూ పని చేశాక, అప్పటికీ కావాలంటే అప్పుడు ఆలోచించండి.

క్రిటాలో ఆమె మార్చుకోవాల్సిన పద్ధతి ఒకటుంది. స్కెచ్, గీత, అడుగు రంగులు, నీడ, ఇవన్నీ వేరువేరు లేయర్లలో ఉండాలి. నీడ లేయర్‌ని మల్టిప్లైలో (కింది రంగులను ముదురు చేసే మోడ్‌లో) పెట్టి, నలుపుకు బదులు కాస్త ఊదా, నీలం వైపు మొగ్గే రంగు వాడి చూడమనండి. నీడ చర్మం రంగుతో కలుస్తుంది, మసి పూసినట్టు ఉండదు. అలాగే బొమ్మను మధ్యమధ్యలో బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూసుకోవాలి. రంగులు పోయినా బొమ్మ అర్థమైతే వెలుగునీడలు సరిగ్గా ఉన్నట్టు. చందమామకు వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రం ఒకటి తీసుకుని ఇలాగే గ్రేలోకి మార్చి, లేత ఎక్కడ పెట్టారో, ముదురు ఎక్కడ పెట్టారో పరిశీలిస్తే ఒక మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియదు.

ఇంకొకటి, సైజు. మీరు పంపిన బొమ్మలు 1080 పిక్సెళ్ల వెడల్పే ఉన్నాయి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ వేస్తే 3.6 అంగుళాలు దాటదు. ఏ4 ప్రింట్‌కి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. మీ 12 × 36 అంగుళాల ఆల్బమ్ షీట్ లెక్క మీకు తెలిసిందే కదా, ఆ లెక్క ఇంట్లో కూడా చెప్పండి. స్క్రీన్ మీద మెరిసే ఆ ఆకుపచ్చలు, నీలాలు ప్రింట్‌లో చప్పబడతాయని కూడా.

ఇక చదువు. ఎంపీసీ వృథా పోతుందని పెద్దవాళ్లు బాధపడుతుంటే ముందు యూసీడ్ (డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష) గురించి చెప్పండి. ఐఐటీ బొంబాయి నిర్వహించే ఈ పరీక్ష ఇంటర్ ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. దీని ద్వారా ఐఐటీ హైదరాబాద్‌లోనూ బీడిజైన్ సీట్లున్నాయి. 'ఐఐటీ' అన్న మాట వినగానే ఇంట్లో సగం గొడవ సర్దుకోవడం చాలాసార్లు చూశాను. పరీక్షలో మొదటి భాగం కంప్యూటర్ మీద. త్రీడీ ఆకారాలను మనసులో తిప్పి చూడటం, లాజిక్ వంటివి ఉంటాయి. రెండో భాగంలో కాగితం మీద చేత్తో బొమ్మ వేయాలి. మొదటి భాగంలో కటాఫ్ దాటినవాళ్ల బొమ్మలే దిద్దుతారు కాబట్టి గీత బాగుందని ధీమాగా ఉంటే కుదరదు. అమరావతి దగ్గరున్న ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌కి డాట్ అని వేరే పరీక్ష ఉంది, మీకు అది పక్క ఊరి కిందే లెక్క.

ఫైన్ ఆర్ట్స్ వైపైతే బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), నాలుగేళ్లు. కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, పుస్తకాల వంటి వాటికి బొమ్మలు, డిజైన్), యానిమేషన్, ఫొటోగ్రఫీ కూడా ఉన్నాయి. అక్కడ స్థానికత నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి. నా అభిప్రాయం అడిగితే, మీ అమ్మాయి బొమ్మలు కథలు చెప్పే తరహావి. ఆమెకు అప్లైడ్ ఆర్ట్ గానీ, కమ్యూనికేషన్ డిజైన్ గానీ సరిపోతుంది.

ప్రైవేటు యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే గోడమీద పోస్టర్లు చూసి రాకండి. కిందటి బ్యాచ్ విద్యార్థులు సొంతంగా చేసిన పని చూపించమనండి, వాళ్లలో ఇద్దరి నంబర్లు అడగండి. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అన్నచోట టీ తాగి వచ్చేయండి.

ఏఐ గురించి మీ భయంలో నిజం ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, వందల ఫొటోలకు ఒకే కలర్ సెట్ చేయడం, ఆల్బమ్ పేజీలు పేర్చడం లాంటి పనులు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయాయి, తిరిగి రావు. ఆ పనులకోసమే అయితే ఈ లైన్ వద్దనే చెప్తాను. కానీ పిల్లల పుస్తకంలో ఒకే పాప మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే పాపలా కనిపించాలి. గేమ్ స్టూడియో వాళ్లు బొమ్మతో పాటు లేయర్ల ఫైలు అడుగుతారు, 'చేయి రెండంగుళాలు దించు' అంటారు. అప్పుడు దించగలిగేది శరీర నిర్మాణం తెలిసిన మనిషే. ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ లాంటి సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అలాంటిచోట పనంతా టీముల్లో నడుస్తుంది, చెప్పిన మార్పు చెప్పిన టైమ్‌కి చేసే మనిషి కావాలి. నాలుగేళ్ల తర్వాత ఈ రంగం ఎలా ఉంటుందో కచ్చితంగా చెప్తామనేవాళ్లను నమ్మకండి. బీటెక్ విషయంలోనూ అంతే.

ఈలోపు చిన్న సంపాదన కావాలంటే మీ కస్టమర్లే ఉన్నారు. పెళ్లి కార్డుకి జంట కారికేచర్ అడిగేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. పరీక్షలయ్యాక నెలకు ఒకటి రెండు ఒప్పుకోనివ్వండి, డబ్బులు ఆమె ఖాతాలోనే పడాలి. ఒక జాగ్రత్త: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేయించుకున్న పోర్ట్రెయిట్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు కస్టమరే. అందుకని బుకింగ్ రసీదు మీదే 'ఈ బొమ్మను చిత్రకారిణి తన పోర్ట్‌ఫోలియోలో చూపించవచ్చు' అని ఒక వాక్యం అచ్చు వేయించండి. పోర్ట్‌ఫోలియోలో పూర్తయిన బొమ్మతో పాటు స్కెచ్ దశ కూడా పెట్టమనండి. ఆమె ఎలా ఆలోచించిందో చూసేవాళ్లకు అక్కడే తెలుస్తుంది.

అమ్మా, చివరి రెండు మాటలు నీకు. జనవరిలో యూసీడ్, ఆ తర్వాత ఇంటర్ పబ్లిక్. ఈ నాలుగైదు నెలలు ఫోన్‌లో కొత్త బొమ్మలు తగ్గించి కాగితం మీద వెయ్యి, లెక్కల్లో మాత్రం మార్కులు తగ్గనివ్వకు. ఇప్పటిదాకా ఫోన్‌లోనే వేస్తున్నావని నాన్నగారు రాశారు. ఇవాళే లేయర్ల ఫైళ్లతో సహా స్టూడియో హార్డ్‌డిస్క్‌లోకి ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ ఎక్కించుకో.