కొత్త రకం డ్రగ్ ‘ఓవర్‌డోస్’తో మృతి అని వార్త వస్తే అందులో ఎంత నమ్మొచ్చు?

ఇంకా ప్రయోగాల దశ దాటని మత్తుమందు ఎక్కువై ఓ కుర్రవాడు చనిపోతే మూడు పేపర్లు మూడు మందుల పేర్లు రాశాయి, ఏది నమ్మాలి అని అడిగారు. మొదటి రోజు వార్తయితే మూడూ నమ్మకండి. ఆ పేర్లు ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు. ఒకసారి నేనే పుట్టించాను.

దేవరకొండ వైపు ఒక మండలానికి ఎనిమిదేళ్లు విలేకరిగా చేశాను. అదేదో జీతమున్న ఉద్యోగం అనుకునేరు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బులు, పంద్రాగస్టుకు సర్పంచుల వెంటపడి తెచ్చే యాడ్ల మీద కమీషన్, అంతే. ఇప్పుడు మానేసి విత్తనాల దుకాణం పెట్టుకున్నాను కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను.

మా మండలంలోని ఒక ఊరి కుర్రవాడు హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం చదివేవాడు. ఒక శనివారం రాత్రి నలుగురు దోస్తులు రూమ్‌లో కూర్చుని నాలుక మీద స్టాంపులు, అంటే మత్తుమందు పట్టించిన చిన్న కాగితం ముక్కలు, పెట్టుకున్నారు. తెల్లారేసరికి ఇతను లేడు. ఘటన సిటీది, దాన్ని సిటీ వాళ్లు రాసుకుంటారు. ఊరు మాది కాబట్టి వార్తలు దిద్ది పేజీలో పెట్టే డెస్క్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఫొటో పట్టు, తల్లిదండ్రుల మాట పట్టు, ఆరులోపు పంపు.

ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. శవం ఇంకా రాలేదు. సిటీలో పనిచేసే మా మండలం కానిస్టేబుల్ ఒకతనికి ఫోన్ చేశాను.

“ఏవో స్టాంపులంటనే అన్నా.”

“ఎల్‌ఎస్‌డీయా?” అని నేనే అడిగాను. స్టాంపు అనగానే నాకు తెలిసిన మత్తుమందు పేరు అదొక్కటే, లేనివి కనపడేలా చేస్తుందంటారే, అది.

“గదే అయ్యుంటది.”

“ఎక్కువ తీసుకున్నడా?”

“రెండు పెట్టుకున్నడంట.”

సాయంత్రానికి నా వార్త తయారు. ‘పోలీసులు తెలిపిన వివరాల ప్రకారం... ఎల్‌ఎస్‌డీ మోతాదు మించి తీసుకోవడంతో...’ నేను అడిగిన ప్రశ్నే నాకు జవాబుగా తిరిగొస్తే దానికి పోలీసుల పేరు తగిలించాను. పొద్దున్నే ఒక చానెల్ మా పేపరు చూసి ఎల్‌ఎస్‌డీ అని స్క్రోలింగ్ వేసింది. ఆ చానెల్ చూసి ఇంకో ఇద్దరు విలేకరులు రాసుకున్నారు. మధ్యాహ్నానికి నాకే గట్టి నమ్మకం కుదిరింది, ఇంతమంది రాశారంటే నిజమే అయ్యుంటుందని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ పేరు నా నోటికి ఎందుకంత తొందరగా వచ్చిందో కూడా చెప్పాలి. 2017 జూలైలో హైదరాబాద్ డ్రగ్స్ కేసు రోజులు గుర్తున్నాయా? నాంపల్లిలో ఆబ్కారీ భవన్ గేటు ముందు కెమెరాలు బారులు తీరి, సినిమావాళ్లు ఏ కారులో దిగారు, లోపల ఎన్ని గంటలు కూర్చున్నారు అని చూపించాయి. ఎల్‌ఎస్‌డీ అనే మాట మా ఊళ్ల దాకా వచ్చింది అప్పుడే. అది ఒంట్లో ఏం చేస్తుంది, దాని పేరుతో ఇంకేం అమ్ముతారు అనేవి మాత్రం దాని వెంట రాలేదు.

ఇక ఫొటో. వాళ్ల మేనమామ ఫోన్‌లో రెండు దొరికాయి. ఒకటి హాల్‌టికెట్ కోసం తీసింది. రెండోది అక్క పెళ్లి బరాత్‌లోది, నల్ల కళ్లద్దాలు, చేతిలో కూల్‌డ్రింక్ గ్లాసు, వెనక డీజే లైట్లు. రెండూ పంపాను. డెస్క్ ఏది వేసిందో మీరు ఊహించే ఉంటారు. పక్కనున్న పెళ్లికూతురిని కత్తిరించేసి, పైన ‘మత్తుకు చిత్తు’ అని పెట్టారు. ప్రాస కుదిరిన హెడ్డింగ్‌ను మన డెస్కుల్లో ఆపేవాడు ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత ఆ అక్కను అత్తగారింట్లో “మా బరాత్‌ల గూడ గదే తాగిండా?” అని అడిగారట. అది కూల్‌డ్రింకే. నేను ఆ పెళ్లికి వెళ్లాను, నాకూ అదే పోశారు.

ఏడు నెలలు గడిచాక వాళ్ల నాన్న మా ఇంటికొచ్చారు. యూరియా సంచి చింపి కుట్టిన చేతిసంచిలో, పాలిథిన్ కవర్లో చుట్టిన కాగితాలు.

“బిడ్డా, గీ ఇంగ్లీషు కాయితంల ఏమున్నదో జెర సదివి చెప్పు.”

వార్త రాసింది నేనేనని ఆయనకు తెలుసు. అయినా వచ్చారు. చుట్టుపక్కల ఇంగ్లీషు చదివి చెప్పగలిగేవాడు నేనే మరి.

అది ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు. అనుమానాస్పద మృతి అయితే శవపరీక్షలో పొట్ట, కాలేయం, మూత్రపిండాల ముక్కలు తీసి చిక్కటి ఉప్పునీళ్లలో వేసి, రక్తం వేరే సీసాలో పెట్టి ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ వరుసలో ఎన్ని కేసులుంటే అంత ఆలస్యం. ఆ కుర్రవాడి శరీర భాగాల్లో ఏమీ తేలలేదు. రూమ్‌లో దొరికిన మిగులు స్టాంపు ముక్కలో మాత్రం ఎన్‌బోమ్ రకం మందు ఉందని రాశారు. ఎల్‌ఎస్‌డీ లేదు.

“గట్లయితే పేపర్ల రాసింది తప్పా?” అన్నారాయన. ఔను కాకా, అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మా ఆవిడ చాయ్ ఇస్తే తాగి వెళ్లారు.

ఎన్‌బోమ్ అంటే ఏమిటో నాకూ అప్పటిదాకా తెలియదు. నల్లగొండలో తెలిసిన ఫార్మసీ లెక్చరర్‌ను పట్టుకుని అడిగాను, తర్వాత నేనూ చదివాను. ఈ రకాన్ని 2003లో బెర్లిన్‌లో రాల్ఫ్ హైమ్ అనే రసాయన శాస్త్రవేత్త తన పరిశోధనలో భాగంగా తయారు చేశారు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం వెళ్లి అతుక్కునే చోట్లను అర్థం చేసుకోవడానికి పనికొచ్చే ల్యాబ్ సరుకు అది. మనుషులకు మందుగా ఇచ్చేందుకు దాన్నెవరూ పరీక్షించలేదు. 2010 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చింది. మిల్లీగ్రాములో కొంత భాగం చాలు, పని చేస్తుంది. అందుకే కాగితం ముక్కకు పట్టించి ఎల్‌ఎస్‌డీ అని చెప్పి అంటగట్టడం సులువు. అమెరికాలో 2013 నవంబర్‌లో ఈ రకంలో మూడింటిని అత్యవసరంగా నిషేధించినప్పుడు, అంతకుముందు ఏడాదిన్నర పైచిలుకులో కనీసం 19 మరణాలకు వీటితో సంబంధం ఉందని అక్కడి డ్రగ్ నియంత్రణ సంస్థ చెప్పింది.

ఎల్‌ఎస్‌డీ కథ వేరు. దాన్ని 1938లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేశారు, మనిషి మీద దాని ప్రభావం 1943లో బయటపడింది. 1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎనిమిది మంది కొకైన్ అనుకుని ఎల్‌ఎస్‌డీ పొడిని ముక్కుతో పీల్చారు. మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్లు. కొందరు కోమాలోకి వెళ్లారు, ఒళ్లు కాలిపోయింది, కానీ ఆస్పత్రిలో చేర్చాక ఎనిమిది మందీ బతికారు. ఎల్‌ఎస్‌డీ మంచిదని చెప్పడం లేదు, దాని మత్తులో మేడ మీద నుంచి దూకినవాళ్లున్నారు. రెండు స్టాంపులకు ఫిట్స్ వచ్చి మనిషి పోయాడంటే ఎల్‌ఎస్‌డీ కాదేమో అనే అనుమానం ముందు రావాలి, అదీ సంగతి. నాకు రాలేదు. డెస్క్‌కూ రాలేదు.

కాగితాలు ఫొటో తీసుకుని జిల్లా ఆఫీసుకు వెళ్లాను. రెండు లైన్లు వేద్దామన్నాను. సబ్ ఎడిటర్ చెడ్డవాడేం కాదు, చదివాడు కూడా. “ఇప్పుడెవరికి కావాలె అన్నా, పాతవడ్డది” అన్నాడు. ఆ రోజు జిల్లా పేజీ లీడ్ సాగర్ ఎడమ కాలువ నీళ్లు.

ఎవరికి కావాలో తర్వాత తెలిసింది. ఆ రాత్రి రూమ్‌లో ఉన్న మిగతా ముగ్గురిలో ఒకడు దసరాకు ఊరొచ్చి నా దుకాణంలో కూర్చున్నాడు. “పేపర్ల ఓవర్‌డోస్ అని సూసినంక జెర ధైర్నం వచ్చిందన్నా. వాడు రెండు వెట్టుకున్నడు, మేం ఒక్కటే గద అనుకున్నం” అన్నాడు. పోలీసులకు దొరకని స్టాంపు ఒకటి పుస్తకంలో దాచి ఉంటే, రెండు వారాల తర్వాత ఇంకొకడు పెట్టుకున్నాడట. ఒక్కటే కదా అని. వాడి అదృష్టం, బతికాడు.

ఓవర్‌డోస్ అనే మాటతో నాకున్న గొడవ ఇదే. నిద్రమాత్రకు డోస్ ఉంది, పారాసిటమాల్‌కు ఉంది. డాక్టర్ రాసిచ్చినదానికి మించి వేసుకుంటే ఓవర్‌డోస్. ఎవరూ పరీక్షించని సరుకుకు డోసే లేదు, ఇక దానికి ఓవర్ ఎక్కడిది? ఒక కాగితంలోనే ఒక ముక్కకు ఎక్కువ, పక్క ముక్కకు తక్కువ అంటుకుని ఉంటుంది. 2000 అక్టోబర్‌లో అమెరికాలోని ఓక్లహామాలో 20 ఏళ్ల యువకుడు టూసీ-టీ-7 అనే మత్తు పొడి పీల్చి చనిపోయాడు. దాన్ని కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ షుల్గిన్ నోటితో తీసుకునే మోతాదంటూ రాసి పెట్టినదానికి అతను పీల్చింది కాస్తే ఎక్కువ. పైగా ముక్కుతో. షుల్గిన్ మోతాదు అంటే ఏమిటి? తానూ, భార్యా, కొద్దిమంది స్నేహితులూ రుచి చూసి రాసుకున్న నోట్సు. అలాంటి సరుకు గురించి ‘మోతాదు మించి’ అని రాస్తే, మించకపోతే ఏం కాదని చదివేవాడికి మనమే చెప్పినట్టు.

పేపర్లో కారణం తప్పుగా రావడం మా పాలమూరు చుట్టాలకు కొత్తగా అనిపించకపోవచ్చు. మా అత్తగారి ఊరు జడ్చర్ల దగ్గర. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలుపుతారని అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఎక్సైజ్ వాళ్లు దాడులు చేసి దుకాణాలు మూయించిన వారంలోనే ఆస్పత్రికి జనం వస్తారు, వణుకు, ఫిట్స్, లేనిపోనివి కనపడటం. పేపర్లో మాత్రం ‘కల్తీ కల్లు తాగి అస్వస్థత’. తాగి కాదు, రోజూ తాగేది ఒక్కసారిగా ఆగిపోయి. డాక్టర్లు అదే జాతి మందు ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు. వార్త చదివి ఇంట్లోవాళ్లు రాత్రికి రాత్రి మాన్పిస్తే ఇంకో ప్రాణం మీదికి వస్తుంది. కారణం తలకిందులుగా రాస్తే మందు కూడా తలకిందులవుతుంది. పక్కనే ‘వింత చేష్టలు’ అని వీడియో లింకు ఒకటి, అది వేరే సంగతి.

మా వార్తల్లో అసలు రాకుండా పోయింది ఆ మూడు గంటలు. అదీ ఆ దోస్తే చెప్పాడు. అర్ధరాత్రి దాటాక ఇతనికి ఒళ్లు పెనంలా కాలిపోయింది, గుండె దడదడ, ఎవరినీ గుర్తుపట్టడం లేదు, గోడకేసి కొట్టుకున్నాడు. తర్వాత ఫిట్స్. వీళ్లు తలుపు గడియ పెట్టి నిమ్మరసం పోశారు, మజ్జిగ పోశారు, బాత్రూమ్‌లో కూర్చోబెట్టి నీళ్లు గుమ్మరించారు. 108కు చేస్తే పోలీసులొస్తారని టెన్షన్. ఆటోలో తీసుకెళ్లేసరికి మూడు దాటింది. అక్కడ కూడా డాక్టర్‌తో “బిర్యానీ పడలేదు సార్” అన్నారట. ఈ మందుకు విరుగుడు లేదు, నిజమే. కానీ త్వరగా వస్తే ఫిట్స్ ఆపే ఇంజెక్షన్లు, ఒళ్లు చల్లబరచడం, సెలైన్, ఇవే ప్రాణం నిలబెట్టొచ్చు. మిగిలిన స్టాంపు జేబులో పెట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించి ఉంటే చికిత్స మొదలైన తీరే వేరుగా ఉండేది. ఆరోజు నేను రాసిన 22 లైన్లలో ఇందులో ఒక్క లైను లేదు. రాయాలన్నా నాకు తెలియదు, ఆ దోస్తును నేను అడగనే లేదు. బరాత్ ఫొటో కోసం రెండు గంటలు తిరిగాను.

ఆత్మహత్య వార్త కింద హెల్ప్‌లైన్ నంబరు వేయడం మన పేపర్లలో కొన్ని నేర్చుకున్నాయి. డ్రగ్స్ వార్త కింద అలాంటిది ఎప్పుడో గానీ కనపడదు. మత్తు మాన్పించే సలహాకు 14446 దేశమంతా పనిచేసే నంబరు. తెలంగాణలో అమ్మేవాళ్ల సంగతి చెప్పడానికి 1908. బానిసైనవాడు తనంతట తాను చికిత్సకు వస్తే, వాడుకున్నందుకు పెట్టే కేసు నుంచి రక్షణ మత్తుమందుల మీదున్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, 64ఏ సెక్షన్‌లో ఉంది. కుర్రవాళ్లకు శిక్షలు మాత్రమే తెలుసు. మనం అవే రాస్తాం కాబట్టి.

అందుకే ఇప్పుడు నేను ఇలాంటి వార్త చదివితే మందు పేరు దగ్గర ఆగను. ఆ పేరు ఎవరు చెప్పారు, ల్యాబా, డాక్టరా, ‘సమాచారం’ అనే మనిషా అని చూస్తాను. ‘ప్రాథమికంగా గుర్తించారు’ అని ఉంటే ఎవరో ఫోన్‌లో “గదే అయ్యుంటది” అన్నారని చదువుకుంటాను. శవపరీక్ష అయిన రోజే ల్యాబ్ ఫలితం రాదు, వచ్చిందని రాస్తే అబద్ధం. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెతుకుతాను. చాలాసార్లు ఫాలోఅప్ ఉండదు.

కాకా పోయిన ఉగాదికి మళ్లీ వచ్చారు, మిర్చి విత్తనాల కోసం. చిన్న కూతురికి సంబంధం చూస్తున్నారట. అవతలివాళ్లు ఫోన్‌లో ఊరి పేరు, ఇంటి పేరు కొట్టి చూశారని, ఆ వార్త వచ్చిందని చెప్పారు. తీసేయించమని అడిగారు. రిపోర్టు జతచేసి వెబ్‌సైట్‌కు మూడు మెయిళ్లు పెట్టాను. ఇందాక ఈ జవాబు రాసే ముందు కూడా చూశాను. ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎల్‌ఎస్‌డీ, అన్నీ అలాగే ఉన్నాయి.