మోకాలిలో వేసే కుట్టును ముందు ఎక్కడ పరీక్షిస్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 19 ఏళ్లు. కబడ్డీ ఆడుతుంటే మోకాలు మెలిపడింది. మెనిస్కస్ చిరిగిందని ఎమ్మారైలో తేలింది. చిన్న రంధ్రాల్లోంచి పరికరం పంపి, దారాన్ని పట్టి ఉంచే బుల్లి యాంకర్లతో కుట్టేస్తామంటున్నారు. వాటిని ముందు ఎవరి మీద పరీక్షిస్తారు? మావాడి మీదే ప్రయోగం చేస్తున్నారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ భయం పెట్టుకోకండి. ఇలాంటి కుట్ల బలాన్ని ముందు ఎక్కువగా పంది మోకాళ్ల మీద చూస్తారు. పీజీ రోజుల్లో నేనూ ఆ పరీక్షల్లో పనిచేశాను. కబేళా నుంచి తెచ్చిన మోకాలిలోంచి, ఎముకల మధ్య నెలవంకలా ఉండే మెత్తను, అంటే మెనిస్కస్‌ను, విడదీసేవాళ్లం. పందిది సైజులో మనిషిదానికి దగ్గరగా ఉంటుంది. దానంగా వచ్చే దేహాలు ఎక్కువగా పెద్దవయసువాళ్లవి కాబట్టి కుర్రాళ్ల మోకాలికి సరిపోలవు.

బ్లేడుతో అంచు వెంబడి చీల్చి, పరికరంతో కుట్టి, యంత్రానికి బిగిస్తారు. చాలా ల్యాబుల్లో 5 నుంచి 20 న్యూటన్ల బలంతో, అంటే సుమారు అరకిలో నుంచి రెండు కిలోల బరువుతో, వందలసార్లు లాగి వదులుతారు. చీలిక ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుందో కొలుస్తారు. చివర్లో తెగేదాకా లాగుతారు. ఎంత బలానికి తెగిందన్నదానికంటే ఎలా తెగిందన్నదే నేను ముందు చూస్తాను. దారం తెగిందా, ముడి జారిందా, యాంకర్ ఊడిందా, లేక దారమే మెనిస్కస్‌ను కోసుకుంటూ బయటికొచ్చిందా? కోసుకుని వస్తే ఇంకా గట్టి దారం వేసీ లాభం లేదు, కుట్టు వేసే తీరే మారాలి. మెనిస్కస్‌లో నారలు చాలావరకు అంచు వెంటే సాగుతాయి. చీపురుపుల్లలు చుట్టూ కట్టిన తాడుకే నిలిచినట్టు, నారలను చుట్టి పట్టే నిలువు కుట్టు బాగా నిలుస్తుంది. వాటి వెంబడే వేసిన అడ్డకుట్టు త్వరగా జారుతుంది.

అయితే యంత్రం చెప్పేది మొదటిరోజు పట్టు గురించే. ప్రాణంలేని కణజాలం అతుక్కోదు కదా! 1990లలో కరిగిపోయే ప్లాస్టిక్ బాణాలు వచ్చాయి. కుట్టక్కర్లేదు, గుచ్చితే చాలు. కానీ కొందరు పేషెంట్లలో వాటి గట్టి తలలు ఎముక మీది గుజ్జును గీరేశాయి. అందుకే ఏ పరికరాన్నైనా ఆపరేషన్ తర్వాత ఏళ్లపాటు గమనించాలని నేను గట్టిగా అంటాను. ఐదేళ్లకు మించి గమనించిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఐదింట ఒకటికి కాస్త ఎక్కువగానే కుట్లు విఫలమయ్యాయి. అయినా ఈ వయసులో, అతికే చిరుగైతే నేను కుట్టడానికే మొగ్గుతాను. మెనిస్కస్ తీసేస్తే కీలు త్వరగా అరుగుతుంది.

మీ సర్జన్‌ను చిరుగు ఎక్కడుందో అడగండి. పెద్దవాళ్లలో మెనిస్కస్ బయటి అంచుకే, అంటే వెడల్పులో 10 నుంచి 25 శాతానికే, రక్తం బాగా అందుతుంది. అక్కడైతే అతుక్కునే అవకాశం ఎక్కువ. మన దేశంలో 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ ప్రకారం, శరీరంలో ఉండిపోయే ఇంప్లాంట్లు ఎక్కువ రిస్కు తరగతుల్లోకి వస్తాయి, వాటికి కేంద్రం లైసెన్సు కావాలి. తయారీదారు పేరు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్‌ను డిశ్చార్జ్ కాగితాల్లో అతికించమనండి.

ఆపరేషన్ అయ్యాక మొదటి కొన్ని వారాలు మోకాలిని 90 డిగ్రీలకు మించి వంచనివ్వరు. గొంతుక్కూర్చోవడం నెలల తరబడి వద్దంటారు. టోర్నమెంట్ ఉందని కోచ్ తొందరపెట్టినా, సర్జన్ సరేననేదాకా బాబును కోర్టులోకి పంపకండి.